కారు నోట కబురు

పోయినవారం మనం చిట్టిబాబుని గడ్డికుప్పలో వదిలి వచ్చాం. కారుతో సహా. ఒక చేత్తో ఫోను పట్టుకుని, అవతలివాడికి కనపడదని తెలిసీ రెండో చేత్తో సైగలు చేస్తూ, స్టీరింగుని దాని మానాన వదిలేస్తే ఏ కారైనా గడ్డికుప్పనే వెతుక్కుంటుంది. ఊళ్లోవాళ్లు తాళ్లేసి లాగితే బయటికొచ్చింది గాని, బానెట్లో ఇప్పటికీ గడ్డి ఉందనీ, దారిలో ఎద్దులు ఎదురైతే దాని వెంట పడుతున్నాయనీ సుమ్మాదేవి రైలు స్టేషను దగ్గర టీ తాగేవాళ్లు చెప్పుకుంటున్నారు. అందులో సగమైనా నిజం ఉండే ఉంటుంది.

ఆ రోజే అతని అప్ప రత్నాలమ్మ వచ్చి, తమ్ముడి చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. బండి నడుస్తున్నంతసేపూ ఫోను ముట్టనని రావివలస ఎండల మల్లికార్జునుడి పేర ఒట్టు వేయించింది. నెత్తిన కప్పు కూడా వద్దని ఎండలోనే కూర్చున్న దేవుడు ఆయన. ఏమీ అడగని దేవుడితో పెట్టుకోవడం కష్టం. చిట్టిబాబు ఎన్నికల్లో వేసిన ఒట్లు చాలా ఉన్నాయి గాని వాటికీ దీనికీ పోలిక లేదు. ఇది అప్ప నెత్తి మీది ఒట్టు.

ఇంకో సంగతి కూడా గుర్తు చేసుకుని ముందుకు పోదాం. రత్నాలమ్మ భర్త కూర్మనాథానికీ, ఆయన సొంత అప్ప గౌరీశ్వరికీ తోటలు పక్కపక్కనే. నడుమ గట్టు మీద ఒక పనస చెట్టు ఉండేది. తిత్లీ తుఫానుకి అది పడిపోయింది. మర్నాడు చూస్తే మాను లేదు. వదినే మోయించుకుపోయిందని రత్నాలమ్మ అంది. ఆ మాట గట్టు దాటింది. ఆ వేళ తెగిన మాటలు ఇన్నేళ్లయినా మళ్లీ అతకలేదు. ఆ ఇంట్లో పనసకాయ కూర వండడం కూడా మానేశారు.

ఇక ఈ సోమవారం.

ఒట్టు తప్పకుండా ఫోను మాట్లాడే దారి చిట్టిబాబు కాశీబుగ్గలో కొనుక్కొచ్చాడు. సబ్బుబిళ్లంత నల్లపెట్టె. ఎండ పడితే కళ్ల మీదికి దించుకునే అట్టకి క్లిప్పుతో తగిలిస్తే చాలు, వైరూ గియిరూ లేదు. బ్లూటూత్ అట. ఫోను జేబులోనే ఉంటుంది. మాట మాత్రం పెట్టెలోంచి వస్తుంది, మన మాట పెట్టె వింటుంది. ఫోను వస్తే పెట్టె మీద బొత్తాం నొక్కాలి. కానీ రత్నాలమ్మ ఆ పెట్టెని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఇది ఫోను కన్న పిల్లే కదా, ఒట్టు దీనికీ వర్తిస్తుందని తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. చిట్టిబాబు కొట్టువాడి దగ్గరికి మళ్లీ వెళ్లి, రెండుసార్లు మోగగానే పెట్టె తనంతట తనే ఫోను ఎత్తుకునేట్టు పెట్టించుకొచ్చాడు. ఇక దేన్నీ ముట్టక్కర్లేదు. ఒట్టు ఒట్టుగానే ఉంటుంది, మాటలు మాటలుగానే ఉంటాయి.

పలాసలో టీకి ఆగినప్పుడు ఇదంతా బావకి చూపించాడు. దీనికి రెండు ఫోన్లు ఒకేసారి తగులుకుంటాయి బావా అని, కూర్మనాథం జేబులోంచి ఫోను లాగి దాన్ని కూడా తగిలించాడు. కూర్మనాథం ఆ పెట్టెని, ఊరికి కొత్తగా వచ్చిన అల్లుడిని చూసినట్టు చూసి, "పాలిత్తదేట్రా ఇది" అని అడిగి ఊరుకున్నాడు.

ముగ్గురూ రావివలస దర్శనానికి బయల్దేరారు. చిట్టిబాబు స్టీరింగు దగ్గర, పక్కన బావ, వెనక సీట్లో పులిహోర క్యారియరు ఒళ్లో పెట్టుకుని అప్ప. హైవే ఎక్కీ ఎక్కగానే మొదటి ఫోను వచ్చింది. రెండు మోతలు మోగి, పెట్టె గుటుక్కుమని ఎత్తుకుంది. కారంతా నిండిపోయేట్టు పాపారావుగారి గొంతు వచ్చింది. ఆయన కూర్మనాథానికి పెదనాన్న కొడుకు, అన్నగారు. మెల్లగా మాట్లాడడం ఆయనకి చిన్నప్పుడే ఎవరూ నేర్పలేదు. ఆయన తోటలో కూలీలని పిలిస్తే తేలినీలాపురంలో వలస వచ్చిన కొంగలు లేస్తాయంటారు.

వెనకనుంచి ధబ్బుమని చప్పుడైంది. చిట్టిబాబు అద్దంలో చూశాడు. అప్ప నెత్తి పట్టుకుని ఉంది. పెళ్లయిన నాటినుంచి ఈనాటివరకూ రత్నాలమ్మ బావగారి ముందు కూర్చుని ఎరగదు. ఆయన గొంతు వినపడగానే కొంగు సర్దుకుని లేచి నిలబడబోయింది. కారు కప్పు ఒప్పుకోలేదు.

"ఆయిన్ని కారు దిగమనరా సిట్టీ" అంది చిన్నగా.

ఆయన కార్లో లేడనీ, మందసలో తన అరుగు మీదే ఉన్నాడనీ చెప్పినా ఆమె నడుం సీటుకి ఆన్చలేదు. ఆయన కొబ్బరికాయల బేరం పూర్తిచేసి పెట్టేసేదాకా వంగి, సగం లేచి, క్యారియరు పట్టుకుని అలాగే ఉంది. కూర్మనాథం కిటికీలోంచి బయటికి చూస్తూ భుజాలు కదిలేట్టు నవ్వాడు. చిట్టిబాబు నవ్వలేదు. అతనికి అప్పుడే తట్టింది, పెట్టె ఎవరి ఫోను వచ్చినా ఎత్తుకుంటుంది, కారు నిండా వినిపిస్తుంది, తను ముట్టుకోవడానికి లేదు. అప్ప కూతురు కుసుమ ఏ క్షణమైనా ఫోను చేస్తుంది.

ఆ ఫోను వెనక ఉన్న గుట్టు ఇదీ. కూర్మనాథం కాళ్లు వాచాయి. వాపు చీలమండలు దాటి పైకి వచ్చింది. అన్ని ఊళ్లలోనూ మనుషుల కాళ్లు వాస్తాయి. ముల్లు దిగిందనో, పురుగు ముట్టిందనో అనుకుంటారు. ఉద్దానంలో అలా అనుకోరు. ఇక్కడ పాలు పితకడం రానివాడు ఉంటాడేమో గాని, కిడ్నీల లెక్క చెప్పే క్రియాటినిన్ అంటే తెలియనివాడు ఉండడు. బడికి వెళ్లని ముసలమ్మలు కూడా ఆ మాట తడబడకుండా అంటారు. కాళ్లు వాచాయంటే ఎవరూ పైకి ఏమీ అనరు. లోపల మాత్రం అందరికీ ఒకటే మాట.

కూర్మనాథం ఆ వాపుని కాన్వాసు బూట్లలో దాచాడు. తుఫానులో కూడా చెప్పులు తప్ప కాళ్లకి ఏదీ తొడగని మనిషి, పొలానికి బూట్లు, పెళ్లికి బూట్లు, పెరట్లోకి బూట్లు. అడిగితే టీవీలో డాక్టర్లు నడవమన్నారు అనేవాడు. కూర్చున్నా బూట్లే కదా బావా అంటే, కూర్చోవడం కూడా నడకలో భాగమే అనేవాడు. ఒకరోజు బావ తోటలో స్నానం చేస్తుంటే చిట్టిబాబు ఆ కాళ్లు చూసేశాడు. చూశానని చెప్పలేదు. టెక్కలిలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్న కుసుమకి మాత్రం చెప్పాడు. ఆ పిల్ల సెలవు పెట్టుకుని వచ్చి, ఇంట్లో అందరికీ షుగరు చూస్తానని నవ్వుతూ నవ్వుతూ అందరి రక్తమూ తీసుకుంది. తండ్రిది కొంచెం ఎక్కువ తీసుకుంది. అమ్మకి తెలియకూడదు, నాన్నకి అసలు తెలియకూడదు అని మేనమామకి చెప్పి వెళ్లింది. రిపోర్టు ఈ సోమవారం వస్తుంది.

ఫోను చెయ్యకు, మెసేజి పెట్టు అని పొద్దున్నే ఆమెకి చెప్పాలనుకున్నాడు చిట్టిబాబు. కొత్త పెట్టె సంబరంలో ఆ సంగతే మరిచిపోయాడు.

ఇప్పుడు ఆపి దిగిపోదామా అంటే వెనక లారీ, ముందు లారీ. దారి పక్కన మట్టిరోడ్డు ఎక్కడైనా కనపడితే తిప్పేద్దామని చూస్తూ నడుపుతున్నాడు. నందిగాం దాటుతుండగా పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. ఒక మోత. అతని చెయ్యి దాని వైపు లేచింది. అద్దంలో అప్ప కళ్లు కూడా లేచాయి. రెండో మోత. చెయ్యి దిగిపోయింది.

"మావా, రిపోర్టు వచ్చింది" అంది కుసుమ గొంతు. "నాన్న పక్కన లేడు కదా?"

 చిట్టిబాబు మెడ తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పాడు. కూర్మనాథం అతన్నే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో. పంచాయితీలో తన మీది ఫిర్యాదు చదువుతున్నప్పుడు పెద్దమనిషి ఎలా కూర్చుంటాడో అలా కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా అరచెయ్యి పైకెత్తి, అడ్డంగా ఊపాడు. నేను లేనని చెప్పు.

చిట్టిబాబు జన్మలో చాలా అబద్ధాలాడాడు. కొన్నిటికి దండలు కూడా వేయించుకున్నాడు. ఇంత బరువైన అబద్ధం మాత్రం నాలుక మీదికి ఎప్పుడూ రాలేదు.

"లేడమ్మా" అన్నాడు. "నానొక్కడినే."

"అయితే బండి పక్కకి తీసి ఆపు మావా. నడుపుతా వినీ మాట కాదు."

నడుపుతూ వినే మాట కాదంటే ఏమిటో ఉద్దానంలో ఎవరూ అడగరు.  చిట్టిబాబు ఎలా తిప్పాడో, హైవే పక్కన జీడితోట అంచున కారు ఆగింది. బండి నడవడం లేదు కాబట్టి ఇప్పుడు ఒట్టు అడ్డం లేదు. ఫోను తియ్యొచ్చు, మాటని పెట్టెలోంచి తన చెవికి మార్చుకోవచ్చు, దిగి దూరంగా వెళ్లొచ్చు. జేబులో చెయ్యి పెట్టాడు. ఆ మణికట్టు మీద కూర్మనాథం చెయ్యి పడింది. పట్టు గట్టిగా లేదు. వదిలేలా కూడా లేదు.

"ఆపినాను" అన్నాడు చిట్టిబాబు పెట్టెతో. "సెప్పమ్మా."

కుసుమ చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే టెక్కలి వైపునుంచి గ్రానైటు రాయి వేసుకున్న లారీ ఒకటి, కొండనే కదిలిస్తున్నట్టు, హారను నొక్కి పెట్టి వాళ్ల పక్కనుంచి వెళ్లింది. కారు ఊగింది. పులిహోర క్యారియరు గిన్నెలు గలగలలాడాయి. లారీ వెళ్లేసరికి కుసుమ చెప్పడం అయిపోయింది. "ఇనపడిందా మావా" అని అడుగుతోంది.

చిట్టిబాబు నోరు తెరిచాడు. అతనికన్నా ముందు వెనక సీటు మాట్లాడింది.

"ఏటన్నావే గుంటా? మళ్లీ సెప్పు."

 కాసేపటికి పెట్టె, "అమ్మా?" అంది. ఇంకాసేపటికి, "మావా, ఇదేనేటి నువ్వొక్కడివే ఉండడం?"

"నానూ ఉన్నానమ్మా" అన్నాడు కూర్మనాథం. గొంతు మామూలుగానే ఉంది.  "మీ మావని తిట్టకు. నానే అలగ అనమన్నాను. ఇంక దాసీదేటీ లేదు. సెప్పీ."

కుసుమ ఏడుస్తుందేమో అనుకున్నాడు చిట్టిబాబు. ఆమె నవ్వింది. ల్యాబు పిల్ల నవ్వు కాదు, కొబ్బరితోటలో తండ్రి భుజాల మీద ఊరేగిన పిల్ల నవ్వు.

"నాన్నా, నీ కిడ్నీలు రెండూ సుబ్బరంగా ఉన్నాయి. క్రియాటినిన్ సున్నా పాయింటు తొమ్మిది. డాక్టరుగారు రెండుసార్లు సూసినారు. నీకా జబ్బు లేదు."

 జీడితోటలో ఏదో పిట్ట అరుస్తోంది. అది అంతకుముందు కూడా అరుస్తూనే ఉండాలి. చిట్టిబాబు స్టీరింగు మీద తల వాల్చాడు. అది పోయి హారను మీద పడింది. పొడుగ్గా ఒక కూత కూసింది కారు. తల ఎత్తాలని అతనికి తోచలేదు. ఆ ఊళ్లలో శుభకార్యానికి బాజాలు పెడతారు. ఇక్కడ అందుబాటులో ఉన్నది హారనే.

"నడుపుతా వినీ మాట కాదన్నావు కదే" అన్నాడు చివరికి తల ఎత్తి, కాస్త కోపంగా. ప్రాణం తిరిగొచ్చిన మనిషికి ముందు వచ్చేది కోపమే.

"సంబరపడి మళ్లీ గడ్డికుప్పలోకి ఎలిపోతావని మావా" అంది కుసుమ.

"మరి కాళ్లెందుకు వాసినాయే?" అని అడిగింది రత్నాలమ్మ.

ముందు సీటులో ఇద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. ఆ ప్రశ్న అడగాలంటే కాళ్ల సంగతి తెలిసుండాలి, ఆమెకేమో తెలియకూడదు. నీకెలా తెలుసని కూర్మనాథం అడిగాడు. అడగడమైతే అడిగాడు గాని ఆయన గొంతులో పెత్తనం లేదు.

"బూట్లేసుకుని పడుకునీ మొగుడి కాళ్లు సూడకుండా ఉంటానేటి" అంది రత్నాలమ్మ.

అప్పుడు ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఆయన నిద్రలో ఉండగా ఆమె బూటు విప్పి చూసి మళ్లీ కట్టేసిందట, ముడి కూడా ఆయన వేసినట్టే వేసి. ఆ మర్నాటినుంచి కూరల్లో ఉప్పు తగ్గించింది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాకుండా అందరి కూరల్లోనూ తగ్గించింది. బావ ఇంట్లో భోజనం చేసినప్పుడల్లా అప్ప చేతి వంట పాడైపోయిందని చిట్టిబాబు బాధపడి, బాగుంది అప్పా అని రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. కూర్మనాథం ఆ చప్పిడికూర తింటూ, ఉప్పు తనకి తెలియడం లేదంటే జబ్బు ముదిరిపోయిందని లోపల్లోపల లెక్క వేసుకున్నాడు. నా నోటికి రుచి పోయిందని ఎవరికీ చెప్పలేదు. షుగరు పరీక్షకి సీసాలు నింపుతారా అని కూతురిని అడగలేదు. ఊరికే ఒకసారి మల్లికార్జునుడిని చూసొద్దామని రత్నాలమ్మ అన్నప్పుడు, ఊరికేనా అని ఆయనా అడగలేదు. ఆమె మొక్కు మొక్కుకుంది.

ముగ్గురికీ ఉన్నది ఒకటే గుట్టు. ఒకరికి తెలియకుండా ఒకరు మూడు మూటలు కట్టి, మూడు అటకల మీద దాచి, రోజూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ తిరిగారు. సబ్బుబిళ్లంత పెట్టె మూడిటినీ ఒక్కసారే విప్పేసింది.

కాళ్ల సంగతి కుసుమ చెప్పింది. చిట్టిబాబు చెప్పిన ఆనవాళ్లని బట్టి, అది జీడి పిక్కల రసం పని అని డాక్టరుగారు అన్నారట. పిక్క కాల్చినప్పుడు పెంకులోంచి కారే రసం కొందరి ఒంటికి పడదు. చర్మం పొంగి, వాపు వస్తుంది. మందు రాసుకుంటే తగ్గిపోతుంది. నాన్న పిక్కలు కాల్చేచోట చెప్పుల్లేకుండా తిరుగుతున్నాడా అని డాక్టరుగారు అడిగారట. నాకు తెలిసి తిరగడే అన్నానంది. రావివలస వెళ్తున్నారని విని, దర్శనం అయ్యాక తిన్నగా ఆసుపత్రికి రమ్మని, మందు తీసి ఉంచుతానని చెప్పి పెట్టేసింది. పెట్టె మీద దీపం ఆరింది.

కూర్మనాథం కారు తలుపు తెరిచి, కాళ్లు బయటికి పెట్టి, బూట్లు విప్పాడు. ఎన్నాళ్లకో గాలి తగిలిన కాళ్లు. ఎర్రగా, ఉబ్బి, ముగ్గిన తాటిపళ్లలా ఉన్నాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, చాలా కాలం తర్వాత ఊరొచ్చిన చుట్టాలతో మాట్లాడినట్టు, ఏటిరా ఇంత కంగారు పెట్టేసినారు అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"ఒలే రత్నాలూ, ఇంక కూరలో ఉప్పెయ్యే."

అప్పుడు ఏడ్చింది రత్నాలమ్మ. ఏడుస్తూనే క్యారియరు మూత తీసింది. దేవుడి గిన్నె అడుగున వేరే ఉందంది. పై గిన్నెలో పులిహోరలోనూ ఉప్పు లేదు. చిట్టిబాబు తోట పక్కనున్న టీ పాకకి పరుగెత్తుకెళ్లి, కాగితంలో గుప్పెడు ఉప్పు పెట్టించుకొచ్చాడు. గుప్పెడంటే, ముగ్గురికి కాదు, పెళ్లివారికి సరిపోతుంది. ముగ్గురూ జీడిచెట్ల నీడలో నిలబడి, పులిహోర మీద ఉప్పు చల్లుకుని, వేళ్లు నాకుతూ తిన్నారు. అంత రుచైన పులిహోర రావివలస తీర్థంలో కూడా దొరకదని కూర్మనాథం అన్నాడు. చిట్టిబాబుకి ఉప్పు ఎక్కువై కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. ఉప్పు వల్లే అని చెప్పుకున్నాడు.

మళ్లీ బయల్దేరారు. కారు కూడా తేలికైనట్టు నడుస్తోంది. కూర్మనాథం బూట్లు సీటు కింద పడేసి, వట్టికాళ్లు ముందు పలక మీద పెట్టుకుని కూర్చున్నాడు. చిట్టిబాబుకి నవ్వులాటలు గుర్తొచ్చాయి. బావా, ఇన్నాళ్లూ నీ కాళ్లు చూసి నేను పెట్టుకున్న బెంగకి నా పొట్ట తగ్గిపోయిందన్నాడు. ఆ పొట్ట తగ్గాలంటే రెండు కిడ్నీలు చాలవురా, నాలుగు కావాలన్నాడు కూర్మనాథం. టెక్కలి దాటి రావివలస దారి పట్టేదాకా అలాగే సాగింది.

ఆ నవ్వుల మధ్యలోనే చిట్టిబాబు నోటినుంచి ఆ మాట జారింది. ఇంతకీ బావా, ఆ జీడి రసం నీ కాళ్లకి ఎక్కడిది?

కూర్మనాథం కాళ్లు పలక మీదనుంచి దించేశాడు.

అడిగాక గాని చిట్టిబాబుకి ఆ ప్రశ్న ఎంత పెద్దదో తెలియలేదు. చిన్నప్పుడు ఒకసారి పిక్కలు కాల్చేచోట ఆడుకుని, మొహం గుమ్మడికాయంత పొంగి, బతుకుతాడో లేదో అనిపించిన మనిషి బావ. అప్పటినుంచి పొగ కనపడితే అటు దారే నడవడు. ఇంటి పిక్కలు గోనెల్లోంచి గోనెల్లోకే పోతాయి, వేసవిలోనే అమ్మేస్తారు. పెరట్లో ఒక్క పిక్క కూడా కాల్చరు.

వెనక సీటు కూడా అదే ఆలోచిస్తున్నట్టుంది. "ఇదిగో" అంది రత్నాలమ్మ. ఆమె భర్తని పిలిచే పేరు అదొక్కటే. అసలు పేరు ఇంతవరకు ఆమె నోట రాలేదు. "సాయంత్రం అయితే భజన కాడికని ఎల్తన్నావు. ఆ భజన ఎక్కడ సేత్తన్నారు?"

అక్కడా ఇక్కడా అన్నాడు కూర్మనాథం. మరి చెప్పులు లేకుండా ఎందుకు చేస్తున్నారని అడిగింది. దేవుడి దగ్గరికి చెప్పులతో వెళ్తారా అన్నాడు. ఆ జవాబు బాగానే ఉంది గాని ఆయన దాన్ని కిటికీకి చెప్పాడు. చెప్పులకి జీడి రసం అంటితే వాసన ఇంట్లో గుట్టు పట్టిచ్చేస్తుందనీ, అందుకే పిక్కలు కాల్చే ఎవరిదో గుమ్మం బయటే విప్పి లోపలికి వెళ్తున్నాడనీ చిట్టిబాబుకి అప్పుడు అర్థమైంది. ఒక గుట్టు దాచబోతే కాళ్లు వాచాయి. కాళ్లు దాచబోతే ఇంటిల్లిపాదీ చప్పిడి తిన్నారు. మొదటి గుట్టు మాత్రం ఇంకా మూటలోనే ఉంది.

బావని కాపాడదామని చిట్టిబాబు కొబ్బరికాయల మాట ఎత్తబోయాడు. అంతలో పెట్టె మీద దీపం వెలిగింది. తన జేబులో ఫోను కదల్లేదు. కూర్మనాథం చొక్కా జేబులోది గుర్రుమంటోంది. పలాసలో టీ తాగుతూ గొప్పకి తగిలించిన రెండో ఫోను.

కూర్మనాథం జేబు మీద చెయ్యేసి నొక్కాడు. రెండు మోతలు మోగాయి. పెట్టె గుటుక్కుమంది.

"ఒరే కూర్మా" అంది ఒక ఆడగొంతు.

రత్నాలమ్మ నోట ఏనాడూ రాని పేరు, సగానికి విరిచి, పక్కన ఒరే తగిలించి, కారు నిండా మోగింది. కూర్మనాథాన్ని అలా పిలిచే మనిషి ఈ భూమ్మీద ఒక్కతే ఉంది. ఇన్నేళ్లుగా ఆ గొంతు వినకపోయినా రత్నాలమ్మకి ఎవరిదో ఒకరు చెప్పక్కర్లేదు.

"రెండ్రోజులై రానేదేటిరా, కాళ్లు తగ్గినాయా?" అంది గౌరీశ్వరి. "పిక్కల బట్టీ కాడికి ఇంక నువ్వు రావద్దురా తమ్మీ. నీ ఒంటికి పడదని సెప్తే ఇనవు. అదలగుంచు. మీ ఆవిడికి సెప్పినావా లేదా? ఆ పనస సెట్టు ఎవులు పట్టుకెల్లినారో నువ్వు సెప్పకపోతే నానే మీ గుమ్మంలోకొచ్చి సెప్పుతాను. నీకోసం ఎన్నాళ్లురా నాను దొంగనై ఉండడం?"

చిట్టిబాబు చెయ్యి దానంతటదే పెట్టె వైపు వెళ్లింది.

"సిట్టీ" అంది వెనకనుంచి అప్ప. "బండి నడుత్తంది. ముట్టుకున్నావంటే ఒట్టు తప్పినట్టే."

చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా రావివలస దారి తిన్నగా, ఖాళీగా ఉంది. ఆపడానికి ఒక సాకు కూడా లేదు. అద్దంలో చూశాడు. అప్ప క్యారియరు పక్కన పెట్టింది. కొంగు తీసి భుజం చుట్టూ కప్పుకుంది. ఈసారి లేవబోలేదు. రెండు సీట్ల మధ్యనుంచి ముందుకి వంగి, పెట్టెకి ఎదురుగా మొహం పెట్టింది.

"ఎవుల్రా అక్కడ?" అంది గౌరీశ్వరి అనుమానంగా. "ఎవులున్నారు?"

"నానే వదినా" అంది రత్నాలమ్మ. "సెప్పు. ఎవులు పట్టుకెల్లినారు?"

పెట్టె మాట్లాడలేదు. పెట్టెయ్యనూ లేదు. పచ్చదీపం అలాగే వెలుగుతోంది. కూర్మనాథం సీటు కిందికి కాళ్లు జాపి, విప్పేసిన బూట్ల కోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.